వాన తగ్గిందా... తప్పిందా?

మా తాత దగ్గర వాన కొలిచే పరికరమేదీ లేదు. వాన వెలిసిన తెల్లారి చేనికి వెళ్లి మట్టిలో వేళ్లు గుచ్చి చూసేవాడు. వేలెడు లోతు తడిస్తే ఆయన లెక్కలో అది వానే కాదు. జానెడు దిగితే ‘పదునయింది’ అనేవాడు. ఆ మాట వినపడిందంటే ఇంటిల్లిపాదికీ పని పడినట్టే. వసారాలో గొర్రు బయటికొచ్చేది. ఒలిచి దాచిన వేరుశనగ విత్తనం మూటలు విప్పేవాళ్లు. ఎర్రనేలలో పదును ఎక్కువ రోజులు నిలవదు. అది ఆరేలోపు విత్తనం పడాలి. పడితే పంట మీద ఆశ, లేకపోతే మళ్లీ మబ్బు వైపు చూపు.

అది అనంతపురం జిల్లా. ఇవాళ ఆ వైపు ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా, ఏ టీకొట్టు ముందు నిలబడ్డా ఒకటే మాట... ‘‘ముందు మాదిరి వానలు యాడున్నాయప్పా!’’ అని. నిజమేనా అని లెక్కల పుస్తకం తెరిస్తే అది మరోలా చెబుతుంది. రైతు తగ్గిందంటాడు. పుస్తకం ‘అంత తేడా ఏం లేదే’ అంటుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చెబుతుండాలి కదా?

ముందు పుస్తకం మాట వినేద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడాల్సిన సాధారణ వాన 553 మిల్లీమీటర్లు అన్నది చాలా ఏళ్లపాటు ప్రభుత్వ లెక్కల్లో ఉన్న అంకె. ఇందులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు ఇచ్చేది 338. అక్టోబరు తరవాత ఈశాన్యం ఇచ్చేది 156. మిగిలిన కాస్త, ఎండాకాలంలో పడే గాలివానలది. దేశంలో జైసల్మేర్ తరవాత అంత తక్కువ వాన ఇక్కడేనని ఈ జిల్లాకు ఒక పేరు పడిపోయింది. దానికి కారణం జిల్లా ఉన్న చోటే. నైరుతి మేఘాలు పడమటి కనుమలు ఎక్కుతూ ఉన్న నీళ్లన్నీ అటువైపే దించేసుకుంటాయి. అందుకే మంగళూరులో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు దాటి కురిస్తే, కొండ దిగి ఇటు వచ్చేసరికి మబ్బులో మిగిలేది గాలే. ఆ గాలి మాత్రం బ్రహ్మాండంగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలకు అది వరం, విత్తిన చేనికి శాపం. ఉన్న తడిని కూడా ఆర్పేస్తుంది. పోనీ ఈశాన్యం ఆదుకుంటుందా అంటే, తూర్పు తీరం దూరం. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే నెల్లూరు మునుగుతుంది, అనంతపురానికి తుంపర అందుతుంది.

అయినా 553 మిల్లీమీటర్లు అంటే మరీ తీసిపారేసే వాన కాదు. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల నీళ్లు పడినట్టు. ఆ లెక్కన ఏడాదికి ఎకరానికి 22 లక్షల లీటర్లు. వేరుశనగ పంటకు విత్తినప్పటి నుంచి పీకేదాకా కావలసింది సుమారు 500 మిల్లీమీటర్లు. కాగితం మీద చూస్తే జిల్లాకు ఏ కరువూ ఉండకూడదు!

మరి ఆ 553 ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతోందా? ఇంత తగ్గిందని గట్టిగా గీత గీయడం కష్టం. ఈ జిల్లాలో ఏడాదికీ ఏడాదికీ మధ్య ఉండే తేడాయే అంత పెద్దది. ఒక ఏడు చెరువు తెగుతుంది, మరో ఏడు తాగునీటికి ట్యాంకర్లు తిరుగుతాయి. ఇంత ఎగుడు దిగుడులో పది ఇరవై మిల్లీమీటర్ల తరుగు ఉన్నా కంటికి ఆనదు. దేశం మొత్తం లెక్కలో మాత్రం చిన్న జారుడు కనిపిస్తోంది. మన వాతావరణ శాఖ పుట్టింది 1875లో. ‘సాధారణ వర్షపాతం’ అని చెప్పే అంకెను ఆ శాఖ పదేళ్లకోసారి తిరిగి లెక్కగడుతుంటుంది. 1951 నుంచి 2000 దాకా యాభై ఏళ్ల సగటు తీస్తే నైరుతి కాలానికి దేశం సగటు 89 సెంటీమీటర్లు. 1961-2010 తీసుకుంటే 88. ఇప్పుడు వాడుతున్నది 2022లో ప్రకటించిన 1971-2020 సగటు. అది 87. వానలకు కొన్ని దశాబ్దాలు తడి, కొన్ని దశాబ్దాలు పొడి అనే దీర్ఘకాలపు ఊపు ఒకటి ఉందని, ఈ తగ్గుదలలో దాని వాటా ఉందని వాతావరణ శాఖ చెబుతోంది. సరే, అదీ కావచ్చు. ఇక్కడ నాకు తట్టింది మరొకటి. తక్కెడలో సరుకు తగ్గితే తూనికరాయినే మార్చినట్టు ఉంది ఈ వ్యవహారం! నిన్న లోటు అనిపించిన వాన, రేపటి కొత్త సగటు ముందు ‘సాధారణం’ అయిపోతుంది. శాఖది తప్పేం కాదు, గణాంక పద్ధతే అంత. కానీ రైతు అరవై ఏళ్ల కింద చూసిన వానతో పోల్చుకుంటాడు, పుస్తకం పక్కరాయితో పోల్చుకుంటుంది.

ఆ ‘సాధారణం’ అన్న మాటలో ఇంకో తిరకాసు ఉంది. జిల్లా స్థాయిలో సగటుకు 19 శాతం ఎక్కువైనా, 19 శాతం తక్కువైనా సాధారణ వర్షపాతమనే రాస్తారు. అంటే అనంతపురానికి నైరుతిలో 402 మిల్లీమీటర్లు పడినా సాధారణమే, 274 పడినా సాధారణమే. పోనీ ఆ 274 అయినా సక్రమంగా పడితే పంట చేతికొస్తుంది. జూన్‌లో రెండు వానలు, సెప్టెంబరు ఆఖర్లో మూడు జడివానలు పడి, నడుమ నలభై రోజులు చుక్క రాలకపోయినా 274 అవుతుంది. పుస్తకంలో రెండూ ఒకటే. చేనులో ఒకటి పంట, ఒకటి పశువుల మేత.

అసలు సంగతి ఇక్కడే ఉంది. మారింది వాన మొత్తం కన్నా వాన వచ్చే తీరు. 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ మన దేశ వాతావరణ మార్పుల మీద ఒక సమగ్ర నివేదిక తెచ్చింది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ముందుండి రాసిన నివేదిక అది. దాని ప్రకారం 1951-2015 మధ్య దేశంలో నైరుతి వర్షం సుమారు 6 శాతం తగ్గింది. ఇది పెద్ద అంకెలా కనిపించదు. తరవాతి అంకె చూడండి. 1951-80 కాలంతో పోలిస్తే 1981-2011 మధ్య వర్షాకాలంలో వాన లేని ఎడాలు 27 శాతం ఎక్కువయ్యాయి. మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు దాటి కుమ్మరించే వానలు 1950-2015 మధ్య 75 శాతం దాకా పెరిగాయి. అదే మధ్య భారతంలో మోస్తరు వానలు తగ్గి కుండపోతలు పెరుగుతున్నాయని బి.ఎన్. గోస్వామి, ఆయన సహచరులు 2006లోనే లెక్కలతో చూపించారు. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో మొత్తం అంకె పెద్దగా కదలలేదు. పుస్తకం అబద్ధమాడలేదన్నమాట. దాన్ని అడగాల్సిన ప్రశ్న వేరు. ‘ఎంత పడింది’ అని అడిగాం, అది చెప్పింది. ‘ఎన్నాళ్ల ఎడంతో పడింది’ అని అడిగితే రైతు చెప్పే మాటే అదీ చెబుతుంది.

సగటు ఎంత మాయ చేస్తుందో తెలియాలంటే 2009 గుర్తు చేసుకోవాలి. ఆ ఏడు నైరుతి దేశమంతటా 22 శాతం లోటుతో ముగిసింది. మన దగ్గరా కరువు మాటే. సెప్టెంబరు వెళ్లి రెండు రోజులు తిరిగేసరికి, అక్టోబరు 2న కర్నూలు నగరం నీళ్లలో మునిగింది. తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. కరువు సహాయం గురించి మాట్లాడుకుంటున్న ఊళ్లో పడవలు తిరిగాయి. 2021 నవంబరులో కుండపోతకు రాజంపేట దగ్గర చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. కరువు సీమ అని పేరున్న నేలలో వరద మృతుల లెక్క తీయాల్సి వచ్చింది. మళ్లీ రెండేళ్లకే, 2023లో, ఆగస్టు నెల మొండిచెయ్యి చూపింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశానికి అంతటి పొడి ఆగస్టు లేదు. ఆ నెల లోటు 36 శాతం. అయినా సీజన్ మొత్తం చూస్తే వాన 94 శాతం! దేశం లెక్కలో ఆరు శాతమే తగ్గింది కదా అనుకునేలోపు, ఆంధ్రప్రదేశ్‌లో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించాల్సి వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం సీమవే.

ఆగస్టు ఎండిపోతే వేరుశనగకు ఏమవుతుందో చెప్పాలి. జులై మొదట్లో విత్తితే ఆగస్టు మొదటికి పూత వస్తుంది. పువ్వు రాలాక దాని కింది నుంచి సన్నటి ఊడ బయల్దేరి నేలలోకి దిగుతుంది. కాయ ఊరేది ఆ ఊడ చివరే. నేల గట్టిపడి ఉంటే ఊడ దిగలేదు. గాల్లోనే వాడిపోతుంది. సెప్టెంబరులో ఎంత వాన పడినా అప్పుడు చెట్టు పచ్చగా ఏపుగా కనిపిస్తుంది తప్ప పీకితే కాయ ఉండదు. దారినపోయేవాళ్లు పంట బాగుందే అంటారు. రైతు నవ్వి ఊరుకుంటాడు. ఎకరానికి అరవై డెబ్బై కిలోల విత్తనపప్పు, దున్నకం, మందులు, కూలీలు అన్నీ అప్పటికే నేలలో కలిసి ఉంటాయి. ఒక్క ఇరవై రోజుల ఎడం మింగేసేది ఇదంతా. ఏడాదికెంత పడిందన్న అంకెకు ఈ ఇరవై రోజుల సంగతి తెలియదు.

ఇదే నేల ఒకప్పుడు ఇంతగా ఒకే పంట మీద వేలాడలేదు. కొర్ర, సజ్జ, జొన్న, కంది, ఆముదం, అలసంద కలిపి వేసేవాళ్లు. ఒకటి పోతే ఒకటి దక్కేది. వేరుశనగకు నూనె మిల్లుల గిరాకీ, చేతిలో పడే రొక్కం తోడై, ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు ఈ ఒక్క పంటే ఆక్రమించింది. వాన ఎడాలు పెరిగే కాలంలోనే, ఎడం తట్టుకునే పంటలు చేనులోంచి తప్పుకున్నాయి. దీన్ని వాన ఖాతాలో రాయడం న్యాయం కాదని నా అభిప్రాయం. అలాగని రైతును తప్పుపట్టేదీ లేదు. కొర్రలకు అప్పట్లో కొనేవాడే లేడు.

వాన ఇలా ఎందుకు మారింది? కారణాలు చాలా ఉన్నాయి కానీ ముఖ్యమైనది వేడి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. సంచి పెద్దదైతే నిండడానికి ఎక్కువ సమయం పడుతుంది, కుమ్మరిస్తే ఎక్కువ పడుతుంది. అంతకన్నా తేలిగ్గా చెప్పడం నాకు రాదు. పైగా ఉష్ణమండల హిందూ మహాసముద్రం 1951-2015 మధ్య సగటున ఒక డిగ్రీ వేడెక్కింది. రుతుపవనాలకు ప్రాణం నేలకూ సముద్రానికీ మధ్య ఉండే వేడి తేడా. సముద్రమే వేడెక్కితే ఆ ఈడ్పు బలహీనపడుతుంది. పొగ, దుమ్ము కమ్మిన ఆకాశం నేలను సరిగా కాగనివ్వదు. అది మరో కారణం.

దేశం సగటు ఉష్ణోగ్రత 1901-2018 మధ్య 0.7 డిగ్రీలు పెరిగింది. ‘ముప్పాతిక డిగ్రీ కూడా లేదు, దానికింత గొడవా!’ అని మా ఆఫీసులోనే ఒకరన్నారు. ఒంట్లో జ్వరం 98.6 నుంచి 100 అయినప్పుడు పెరిగింది కూడా ముప్పాతిక డిగ్రీ సెల్సియస్ పైచిలుకే. అప్పుడు ఆఫీసుకు సెలవు పెడతాం కదా! వాతావరణ శాఖ లెక్కలో 1901 నుంచి 2024 దాకా అన్నిటికన్నా వేడి ఏడాది 2024. పగటి ఎండ అందరికీ తెలిసిందే. రోళ్లు పగిలే రోహిణి అని మనకు సామెతే ఉంది. చప్పుడు చేయకుండా నష్టం చేసేది రాత్రి వేడి. చెట్టు పగలు వండుకున్న తిండిలో కొంత రాత్రి శ్వాసకు ఖర్చు పెడుతుంది. రాత్రి వెచ్చగా ఉంటే ఆ ఖర్చు పెరుగుతుంది, గింజకు మిగిలేది తగ్గుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లోనే ఏళ్ల తరబడి చూసి 2004లో ఒక లెక్క చెప్పింది. ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వరి దిగుబడి సుమారు పది శాతం పడిపోయిందని. మన దాళ్వా వరి రైతులు గుర్తు పెట్టుకోవలసిన అంకె అది. సీమలో వేడి నష్టం ఇంకోలా ఉంటుంది. పాత రోజుల్లో ఒక పదును ఎన్నాళ్లు నిలిచేదో ఇప్పుడు అన్నాళ్లు నిలవదు. అంతే వాన పడినా నేలకు దక్కేది తక్కువ. ‘ముందు మాదిరి వానల్లేవు’ అన్న మాటలో ఈ వేడి కూడా కలిసి ఉంది.

ఇంకో తమాషా చెప్పాలి. మన కార్తెలు. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, ఆరుద్ర 21, 22 తేదీల్లో. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చూసి కట్టిన లెక్క ఇది. అయితే భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా ఊగుతుండటం వల్ల నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తేడా వస్తుంటుంది. వెయ్యేళ్లకు రెండు వారాలు. మనవాళ్లు ఇన్ని తరాలూ కార్తెలకు తగ్గట్టు విత్తే రోజును కాస్త కాస్త జరుపుకుంటూనే వచ్చారన్నమాట. ఆ జరుపుకోవడానికి వాళ్లకు వందల ఏళ్లు చిక్కాయి. మనకు ఒక్క తరమే. వాతావరణ శాఖ కూడా 2020లో తన తేదీలు మార్చింది. కేరళ తీరాన్ని తాకేది జూన్ 1 అలాగే ఉంది. రాజస్థాన్ వైపు నుంచి నైరుతి వెనుదిరగడం మాత్రం సెప్టెంబరు 1 నుంచి 17కు జరిగింది. అంతకుముందు వాడిన తేదీలు 1901-40 నాటి లెక్కలతో కట్టినవి!

వాన తీరు మారితే డబ్బు లెక్క కూడా మారాలి. అది అంత తేలిగ్గా మారడం లేదు. వాతావరణ ఆధారిత బీమాలో లెక్కకొచ్చేది రైతు చేనులో పడిన వాన కాదు, ఆ ప్రాంతానికని పెట్టిన కేంద్రంలో నమోదైన వాన. సీమలో వానలు ఈ చేను తడిపి పక్క చేను వదిలేసే రకం. మండల కేంద్రంలో కురిసి, ఆరు కిలోమీటర్ల అవతల చినుకు లేకపోతే ఆ రైతు కాగితం మీద తడిసినట్టే. కరువు ప్రకటనలో వాన లోటుతో పాటు మూడు నాలుగు వారాల ఎడాన్ని కూడా చూడాలని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. మంచిదే. కాకపోతే పదిహేనో రోజున పది మిల్లీమీటర్లు పడితే ఆ ఎడం కాగితం మీద తెగిపోవచ్చు. మా తాత లెక్కలో అది వేలెడు వాన.

మార్పు అసలు లేదని కాదు. అనంతపురం పక్కన రేకులకుంట పరిశోధన కేంద్రం మెట్ట పంటల మీదే పనిచేస్తోంది. 1940 నాటి టీఎంవీ-2 రకాన్ని పట్టుకుని దశాబ్దాలు నడిచిన రైతులు కదిరి కేంద్రం ఇచ్చిన కదిరి-6కు, ఆ తరవాత కదిరి లేపాక్షికి మారారు. వాన ఆలస్యమైతే ఆగస్టు తరవాత ఉలవ వేయడం పాత అలవాటే. ఇప్పుడు దానికి రాయితీ విత్తనం కూడా ఇస్తున్నారు. కొన్ని ఊళ్లలో వాన రాకముందే నవధాన్యాల విత్తనాలకు మట్టి, బూడిద పట్టించి పొడి నేలలో చల్లి, పైన గడ్డి కప్పుతున్నారు. పడిన చిన్న వానకే మొలుస్తాయి, నేలను కప్పి ఉంచుతాయి. కృష్ణ నీళ్లు హంద్రీ-నీవా కాలువలో జీడిపల్లి దాకా 2012లో వచ్చాయి. అవి అందిన చోట చీనీ తోటలు నిలబడ్డాయి. అందని చోట బోరు మీద బోరు. వాటి అప్పుల కథ ఒక వారానికి సరిపోయేది కాదు, మరోసారి రాస్తాను.

ఇక మీ ఇంటి పని. పల్లెలో ఉన్నా పట్నంలో ఉన్నా పిల్లలతో చేయించండి. పైనుంచి కిందికి ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఒకటి తీసుకోండి. చెట్టుకూ గోడకూ దూరంగా, ఒరగకుండా నాలుగు రాళ్ల మధ్య పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలు ముంచి చూడండి, వాతావరణ కేంద్రాల్లో చూసేదీ ఆ వేళకే. ఎన్ని మిల్లీమీటర్లుంటే అంత క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాసి, నీళ్లు పారబోయండి. రెండున్నర మిల్లీమీటర్లు దాటితేనే వాతావరణ శాఖ దాన్ని వాన పడిన రోజు కింద లెక్కేస్తుంది. వాన పడని రోజు గడి ఖాళీగా వదలొద్దు, సున్నా రాయాలి. సెప్టెంబరు ఆఖర్న ఆ సున్నాలు వరసగా ఎన్నొచ్చాయో లెక్కబెట్టి, మీ ఊరి పేరుతో సహా నాకు పంపండి.